యేకబ్స్ లియెపా మనవరాలు

ఔస్మా లియెపా నోటికి ఆ ఊళ్ళో భయపడనివాళ్ళు లేరు. బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళుగా గరిటె తిప్పుతున్న మనిషి. పిల్లలు గిన్నెలో జావ వదిలేస్తే ఊరుకుంటుందేమో గానీ, మాట తప్పుగా పలికితే మాత్రం ఊరుకోదు. "లాట్వియన్ కడుపున పుట్టి ఇలాగేనా మాట్లాడేది?" అని గరిటెతోనే గాలిలో దిద్దేది. నడివేసవి పండక్కి చేసే జున్నుముద్దలో షాజీర ఎంత పడాలో, పెళ్ళిలో ఏ పాట తర్వాత ఏ పాట అందుకోవాలో, బతికున్నవాళ్ళకి పూలు బేసి సంఖ్యలో ఇవ్వాలనీ చచ్చినవాళ్ళకి సరి సంఖ్యలో పెట్టాలనీ, అన్నీ ఆవిడే చెప్పాలి. మూడేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి "వాడి గొంతులో పాట లేదు, వాడేం లాట్వియనండీ" అని వదిలేసి, అతని ఇంటిపేరు అతని మొహానే కొట్టి, మళ్ళీ లియెపాగానే పుట్టింటికి వచ్చేసింది. ఆ మొగుడు తర్వాత హాయిగా ఉన్నాడని చెప్పుకుంటారు. నేను నమ్ముతాను.

ఆ వంటశాలలోనే గిన్నెలు తోమే ఫెదోస్యా ఆవిడకి రోజువారీ బలి. ఫెదోస్యాది తూర్పు జిల్లా, పాత ఆచారాలు పాటించే రష్యన్ల కుటుంబం. నెమ్మదస్తురాలు. ఇరవై ఏళ్ళుగా ఔస్మా దిద్దుతూనే ఉంది, ఆవిడ తప్పు మాట్లాడుతూనే ఉంది. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్ల మీద రొట్టె కోసుకుని తినేవాళ్ళు. అది స్నేహమని ఇద్దరిలో ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఔస్మా ధీమాకంతటికీ మూలం ఊరి చివర దేవదారు చెట్ల కింద ఉన్న శ్మశానంలో ఉంది. దారి పక్కనే నాలుగో వరసలో ఒక నాచుపట్టిన రాయి. దాని మీద యేకబ్స్ లియెపా అని పేరు, చనిపోయిన సంవత్సరం 1911. ఔస్మా తల్లి ఒతీలియాకి తాతగారు. అంటే ఔస్మాకి ముత్తాత అయినా, "మా తాత" అనే అనేది. ఆ ఊళ్ళో మనిషి విలువ ఇల్లూ పొలమూ చూసి కట్టరు. శ్మశానంలో ఇసుక పరిచి దువ్వుకోవడానికి తమదంటూ ఒక సమాధి ఉందా లేదా, అదీ లెక్క. జూలైలో ఒక ఆదివారం సమాధుల పండగ జరుగుతుంది. పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాడు, ఊరంతా ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడతారు. సమాధి లేనివాళ్ళు గేటు దగ్గర నిలబడాలి. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. అనకపోయినా అందరూ చూస్తారు.

ముందు రోజు శనివారం పని అసలైన పని. సమాధి చుట్టూ తెల్ల ఇసుక పరిచి, దువ్వెనలాంటి పళ్ళున్న పొడుగు పళ్ళకర్రతో గీతలు పడేలా దువ్వాలి. లోపలి నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తన అడుగుల్ని తనే చెరుపుకుంటూ దారి మీదికి వచ్చెయ్యాలి. చివరికి ఒక్క అడుగు గుర్తు కూడా మిగలకూడదు. ఔస్మా ఏడేళ్ళప్పటి నుంచి తల్లి పక్కన నిలబడి ఈ పని నేర్చుకుంది. తల్లితో పేచీ ఒక్క దగ్గరే. అందరూ సమాధికి రెండు పూలు పెడతారు. ఒతీలియా మాత్రం ఎప్పుడూ నాలుగు పెట్టేది.

"ఒక్క తాతకి నాలుగు పూలెందుకే అమ్మా? పీనాసి మనిషివి, ఇక్కడికొచ్చేసరికి దొరసానివైపోతావు" అని ఔస్మా వేళాకోళం చేసేది. ఒతీలియా జవాబు చెప్పేది కాదు. అసలు ఆవిడ జవాబులు చెప్పే మనిషే కాదు.

అది 1992 వేసవి. లాట్వియా దేశం మాస్కో చేతిలోంచి బయటపడి ఏడాది కావస్తోంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఈ దేశపు పౌరులుగా ఉన్నవాళ్ళకీ, వాళ్ళ బిడ్డలకీ, ఆ బిడ్డల బిడ్డలకీ పాస్‌పోర్టులో పౌరుల ముద్ర వేస్తున్నారు. మిగతావాళ్ళని తర్వాత చూద్దామన్నారు. ఊళ్ళో అందరూ పంచాయతీ ఆఫీసు ముందు వరస కట్టారు. ఔస్మా కట్టలేదు. "నన్నడిగేవాడెవడు? వాళ్ళే ముద్ర పట్టుకుని నా ఇంటికి రావాలి" అంది.

సెలవుల్లో వంటశాల గోడలకి సున్నం వేస్తుంటే ఫెదోస్యా చేతులు తుడుచుకుని, గౌను జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించింది. లోపల గుండ్రటి ముద్ర ఉంది.

"ఇదేంటే?" అంది ఔస్మా నిచ్చెన మీంచే.

"పౌరురాలినట. నిన్న వేశారు."

"నీకా?"

"మా నాన్న పాత పాస్‌పోర్టు పెట్టెలో ఉంది కదా. మా తాత ఇక్కడే, వాళ్ళ తాతా ఇక్కడే. ఆఫీసులో ఉన్న పిల్ల చూసింది, టక్కున కొట్టేసింది. నేనే తెల్లబోయాను."

ఔస్మా చేతిలోంచి సున్నం కుంచె జారి నేల మీద పడింది. తేరుకుని నిచ్చెన దిగి, ఆ ముద్రని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది, దొంగ నోటుని చూసినట్టు.

"సరే, మంచిదే. ఇకనైనా మాట సరిగ్గా పలుకు, ప్రభుత్వం పరువు పోకుండా" అని, ఆ మధ్యాహ్నమే మంచి గౌను వేసుకుని, కాలర్‌కి వెండి పిన్ను పెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి బయల్దేరింది.

అక్కడ బల్ల వెనక ఉన్నది ఇంగునా. చిన్నప్పుడు బళ్ళో ఔస్మా చేతి గోధుమరవ్వ నురుగు పాయసం మూడేసి గిన్నెలు తిన్న పిల్ల. ఇప్పుడు కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, రబ్బరు ముద్రలు.

"కూర్చో పిన్నీ. కాగితాలు తెచ్చావా?"

"కాగితాలేమిటే? మాయి యుద్ధంలో తగలబడిపోయాయి. నలభై ఒకటిలో మాస్కోవాళ్ళు మా అమ్మని సైబీరియాకి తోలేశారు. నేనక్కడే పుట్టాను, నలభై ఏడులో తిరిగొచ్చాం. మా తాత సమాధి నాలుగో వరసలో ఉంది, కళ్ళున్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. ముద్ర కొట్టు, నాకు గోడలకి సున్నం వేసే పనుంది."

"సమాధికి కొట్టలేను కదా పిన్నీ" అని నవ్వింది ఇంగునా. "రీగా ఆర్కైవ్‌కి, పాత రికార్డుల ఆఫీసుకి, రాస్తాను. రెండు వారాల్లో జవాబొస్తుంది. పేరు తేలగానే నేనే కబురు పెడతాను."

రెండు వారాలు ఔస్మా ఊరంతా తిరిగి ఇంగునా సంగతి చెప్పింది. "నా పాయసం తిని నన్నే కాగితాలడుగుతుంది చూశారా" అని. అందరూ అయ్యో అన్నారు. కొందరు లోపల్లోపల సంతోషించారు కూడా, ఎందుకు సంతోషించరూ?

కబురు సమాధుల పండగ ముందు బుధవారం వచ్చింది. ఔస్మా వెళ్ళేసరికి ఇంగునా తలుపు దగ్గరగా వేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"ఏమిటే ఆ తుడవడం? చెప్పు."

"పిన్నీ, మీ అమ్మగారు యుద్ధానికి ముందు లెక్కల్లో ఎక్కడా లేరు. ముప్పై అయిదు జనాభా లెక్కల్లో లేరు. నలభై ఒకటిలో తోలేసినవాళ్ళ జాబితాలో లేరు."

"తప్పిపోయుంటుంది. ఎన్ని తప్పలేదు?"

"నలభై ఏడులో వచ్చినట్టు ఉంది. తిరిగి వచ్చినట్టు కాదు, మొదటిసారి వచ్చినట్టు. పుట్టిన ఊరు సైబీరియాలో, యెనిసేయ్ నది అవతల. వాళ్ళ నాన్నగారు పుట్టిందీ అక్కడే. వెనకటి కాలంలో ఇక్కణ్ణించి భూముల కోసం వెళ్ళి అక్కడ ఊళ్ళు కట్టుకున్న లాట్వియన్లున్నారు చూడు, వాళ్ళు. ఈ దేశం ఏర్పడినప్పుడు వాళ్ళెవరూ ఇక్కడ లేరు. పౌరులు కాలేదు."

ఔస్మా అర్థం కానట్టు చూసింది. "మరి మా తాత?"

ఇంగునా గొంతు బాగా తగ్గిపోయింది. "చర్చి పుస్తకం నకలు కూడా పంపారు. యేకబ్స్ లియెపా ఒక పాలేరు. అసలు పెళ్ళే కాలేదు పిన్నీ. పిల్లలు లేరు, నా అన్నవాళ్ళు లేరు. ఊరి ఖర్చుతో పాతిపెట్టారని రాసుంది."

ఔస్మాకి ముప్పై తొమ్మిదేళ్ళు దువ్విన ఇసుక కళ్ళ ముందు మెదిలింది.

"ఫెదోస్యాకి వేశావు కదే" అంది, చిన్నపిల్లలా.

"చట్టం అంతే పిన్నీ. ఎన్నికలయ్యాక కొత్త చట్టం చేస్తారట. మీలాంటివాళ్ళకి పరీక్ష ఉంటుందంటున్నారు."

"ఏం పరీక్ష?"

ఇంగునా బల్ల మీది ముద్రని సర్దింది. "లాట్వియన్ భాషలో."

ఔస్మా ఇంటికెలా వచ్చిందో ఆవిడకే తెలీదు. దారిలో ఎవరో పలకరిస్తే తలూపిందట, ఎవరో గుర్తు లేదు. ఇంట్లో డెబ్భై ఏళ్ళ ఒతీలియా కిటికీ దగ్గర కూర్చుని బంగాళదుంపలు చెక్కుతోంది. తొక్క తెగకుండా ఒకటే పొడుగు చుట్టగా తీయడం ఆవిడ అలవాటు.

"అమ్మా, యేకబ్స్ లియెపా మనకేమవుతాడు?"

కత్తి ఆగింది. తొక్క తెగి నీళ్ళ గిన్నెలో పడింది.

"ఏమీ అవడు" అంది ఒతీలియా.

అంతే. అబద్ధమో, ఏడుపో, ఏదో ఒకటి వస్తుందని ఔస్మా ఎదురుచూసింది. ఆవిడ ఇంకో దుంప తీసుకుంది.

"ఏమీ అవడా? ఇంత తేలిగ్గా చెప్తావా? తోలేసినవాళ్ళని రైలెక్కించిన రోజని మూడేళ్ళుగా జూన్ పధ్నాలుగున స్టేషన్ దగ్గర, వాళ్ళ జ్ఞాపకానికి పెట్టిన రాయి దగ్గర నాచేత దీపం పెట్టించావు! ఊళ్ళో నా తల ఎక్కడ పెట్టుకోను? నాకు అబద్ధం చెప్తావా నువ్వు?"

"నేను చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళన్నారు, సైబీరియా నుంచి వచ్చావా పాపం అని. నేను ఊరుకున్నాను. సమాధి మీద పేరు చూసి, మీ తాతేనా అన్నారు. దానికీ ఊరుకున్నాను."

"ఎందుకూరుకున్నావు?"

ఒతీలియా దానికి కూడా ఊరుకుంది. ఔస్మాకి ఒళ్ళు మండిపోయింది. గిన్నె ఎత్తి దుంపలు నేల మీద కుమ్మరించింది. అలాంటి పని ఆవిడ జన్మలో చేయలేదు. తర్వాత తనే వంగి ఏరింది.

ఆ రెండు రోజులూ తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. మామూలుగా శుక్రవారం నాడే పళ్ళకర్ర కడిగి గోడకి ఆనించేది ఔస్మా. ఈసారి ముట్టుకోలేదు. ఆదివారం ఎక్కడ నిలబడాలన్నదే ఆవిడ మెదడు తొలిచేస్తోంది. ఎవరో పాలేరు సమాధి దగ్గర దొంగలా నిలబడాలా? గేటు దగ్గర నిలబడాలా? ఇన్నేళ్ళు గేటు దగ్గరివాళ్ళని చూసి ఆవిడ ఎలా పెదవి విరిచిందో ఆవిడకి బాగా గుర్తుంది. సంగతి ఈపాటికి ఊరంతా పాకి ఉంటుందని కూడా తెలుసు. ఇంగునా మంచి పిల్లే, కానీ ఆ ఆఫీసు తలుపు మంచిది కాదు.

శనివారం మధ్యాహ్నం ఫెదోస్యా వగరుస్తూ వచ్చింది.

"ఔస్మా, మీ అమ్మ ఏది?"

"పడుకుంది."

"ఏం పడుకుంది? శ్మశానంలో ఉంది. పళ్ళకర్ర భుజాన వేసుకుని ఒక్కతే పోతుంటే చూశాను. నేను పట్టుకుంటానంటే కసిరింది. ఆ మోకాళ్ళతో! లే, లే!"

"పోనీ. ఆవిడ సమాధి, ఆవిడ ఇష్టం."

ఫెదోస్యా నడుం మీద చెయ్యి వేసుకుంది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి గొంతెత్తింది. "ఇన్నేళ్ళూ నన్ను దిద్దావు, పడ్డాను. ఇవాళ నేను దిద్దుతాను. లేచి నడు ముందు!"

ఔస్మా ఆశ్చర్యంతోనే లేచింది.

శ్మశానం నిండా ఆడవాళ్ళు. అందరి చేతుల్లోనూ పళ్ళకర్రలు, బకెట్లలో ఇసుక. ఔస్మా గేటు దాటగానే మాటలు ఆగిపోయాయి. నాలుగో వరసలో ఒతీలియా ఉంది. ఇసుక అంతా దువ్వేసింది. కానీ ఎటు నుంచి మొదలుపెట్టిందో మర్చిపోయిందో ఏమో, అంచుల నుంచి లోపలికి దువ్వుకుంటూ వెళ్ళి, రాయి పక్కన ఉత్తకాళ్ళతో ఇరుక్కుపోయి నిలబడింది. ఎటు అడుగేసినా గీతలు చెరిగిపోతాయి. ఏ ఆడదీ జన్మలో చేయని తప్పు. పళ్ళకర్ర పట్టుకుని, బయటికి రాలేక అలాగే నిలబడి ఉంది.

"ఎంతసేపయింది నువ్విలా నిలబడి?" అంది ఔస్మా.

"తెలీదు. పాడుచేయబుద్ధి కాలేదు."

"నీది కానిదానికి ఇంత మురిపెం ఏమిటే అమ్మా?"

ఒతీలియా అప్పుడు నోరు విప్పింది. పక్క సమాధులవాళ్ళు వింటున్నారని తెలిసీ విప్పింది, గొంతు తగ్గించకుండా.

"ముప్పై ఎనిమిదిలో, ఫిబ్రవరిలో, మా ఊరికి మాస్కో రహస్య పోలీసులు బండ్లలో వచ్చారు. మాది మొత్తం లాట్వియన్ల ఊరు. నాకు పదహారు. ఒక్కొక్కళ్ళనీ బల్ల ముందు నిలబెట్టి, ఏ జాతి అని అడిగారు. పక్కింటాయన రష్యన్ అని రాయించుకున్నాడు, వదిలేశారు. మా నాన్నకీ ఆ అధికారి చెప్పాడు, నీకు రష్యన్ బాగా వచ్చు కదా, అలా అనెయ్యి అని. మా నాన్న, నేను లాట్వియన్ని అన్నాడు. ఎందుకన్నాడో! లాట్వియా ఎలా ఉంటుందో కూడా ఆయన చూడలేదు. మా అన్నలిద్దరూ వెనక నిలబడ్డారు. వాళ్ళూ అదే మాట అన్నారు. చిన్నన్నకి పంధొమ్మిది."

ఔస్మా ఒక అడుగు ముందుకేసి ఇసుక అంచున ఆగింది.

"ఒక్క రోజున మా ఊళ్ళోంచి ముప్పై ఒక్క మందిని తీసుకుపోయారు. ఎక్కడ కాల్చారో, ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ తెలీదు. యుద్ధం అయ్యాక నిన్ను చంకనేసుకుని ఇక్కడికొచ్చాను, నాన్న ఆ మాట అన్నాడు కదా, ఆ ఊరేదో చూద్దామని. వచ్చిన వారం శనివారం. ఊరంతా ఇసుక దువ్వుతోంది. నాకు దువ్వడానికేం లేదు. ఇదిగో, వీడి మీద గడ్డి మోకాలెత్తు పెరిగుంది. రాయి మీద మా నాన్న ఇంటిపేరు. పక్కన పళ్ళకర్ర ఆనించి ఉంది. తీసుకున్నాను."

పక్క వరసలోంచి మిల్డా అనే ఆవిడ, ఔస్మా చేత ఎన్నోసార్లు మాటలు పడిన మనిషి, ఇక ఆగలేక అంది, "అయితే ఆ సమాధి మీది కాదన్నమాట."

అందరూ ఔస్మా నోటి వైపే చూశారు.

ఔస్మా చూపు రాయి మీద ఉంది. రాయి దగ్గర సీసాలో అప్పుడే కోసిన తెల్ల చామంతులున్నాయి. నాలుగు. నలభై అయిదేళ్ళుగా నాలుగు. యేకబ్స్ లియెపాకి ఒకటి. మిగతా మూడూ ఎవరివో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పీనాసి మనిషివి, ఇక్కడికొచ్చేసరికి దొరసానివైపోతావు అని ఎన్ని వేసవులు నవ్విందో గుర్తొచ్చి, ఆ నవ్వు తలుచుకుంటే ఆవిడకి తన మీదే అసహ్యం వేసింది.

"యేకబ్స్‌కి ఎవరూ లేరు మిల్డా" అంది. "మావాళ్ళకి సమాధి లేదు. నలుగురూ ఇక్కడే సర్దుకున్నారు."

మిల్డా తల దించుకుని తన ఇసుక వైపు తిరిగింది.

ఔస్మా బూట్లు విప్పి, దువ్విన ఇసుక మీదికి నడిచి, తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి, మెల్లగా దారి మీదికి తీసుకొచ్చింది. ఫెదోస్యా ఎదురొచ్చి అటు చెయ్యి పట్టుకుని దారి పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది. ఇసుక నిండా అడుగులే, ముసలావిడవి చిన్నవి, ఔస్మావి పెద్దవి.

"పాడైపోయింది" అంది ఒతీలియా.

"అవనీ."

"నీకు ముద్ర వెయ్యరటగా, నా వల్ల?"

"వెయ్యరు. పరీక్ష పెడతారట. లాట్వియన్ భాషలో."

"నీకా?" అంది ఒతీలియా. అని, బోసినోటితో ఫక్కున నవ్వేసింది. ఔస్మాకి తల్లి నవ్వు విన్న గుర్తే లేదు. పక్కనే ఉన్న ఫెదోస్యా కూడా నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. "నేను కూర్చోబెట్టి చదివిస్తానులే" అంది.

"నువ్వు నోరు ముయ్యవే" అంది ఔస్మా, కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత పళ్ళకర్ర తీసుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణించి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తల్లి అడుగుల్నీ తన అడుగుల్నీ కలిపి దువ్వుకుంటూ వచ్చింది. చుట్టూ ఆడవాళ్ళు మళ్ళీ పనిలో పడ్డారు. దారి అంచుకి వచ్చాక ఆగింది. ఇంకొక్క అడుగు గుర్తు మిగిలింది, తల్లిది, అంచున, వేళ్ళతో సహా పడింది. పళ్ళకర్ర ఎత్తింది. ఎత్తి, మళ్ళీ దించేసింది.

"అది చెరపవేం?" అంది ఒతీలియా బల్ల మీంచి.

"రేపు అందరూ చూడనీ అమ్మా" అంది ఔస్మా, పళ్ళకర్ర భుజాన వేసుకుంటూ.